మల్బరీ కట్టెలో చీలిక

లేత్ మీద తిరుగుతున్న మల్బరీ కట్టె పగిలి, ఒక ముక్క ఎగిరి వెంకటరవణప్ప ఎడమ కంట్లో తగిలింది. నేను స్విచ్ ఆపేలోగా ఆయన రెండు చేతులతో కన్ను మూసుకుని రంపపు పొట్టులో కూర్చుండిపోయాడు. కట్టెలో చీలిక ఉందని నాకు ముందే తెలుసు. ఇన్నేళ్లుగా ఈ మాటను మోస్తూ తిరిగాను. మొదటిసారి మీకే చెబుతున్నాను.

కర్ణాటకలోని చింతామణిలో ఆయనకొక షెడ్డు ఉండేది. శిడ్లఘట్టలో పట్టు తీసే యూనిట్లకు దారం చుట్టే కట్టె బాబిన్లు చేసి ఇచ్చేవాడు. నేను పత్రికా విలేకరిని. వార్తలు పంపేశాక అక్కడికి వెళ్లి కూర్చోవడం అలవాటు. చూసి చూసి నాకూ చేయాలనిపించింది. మూలనున్న చిన్న లేత్ నాకు వదిలేశాడు.

బాగేపల్లిలో ఉండే మా అన్న నన్ను ఎప్పుడూ ఎత్తిపొడిచేవాడు, కాగితాలు నింపడం తప్ప చేత్తో పట్టుకునే వస్తువు ఒక్కటీ చేయలేదని. ఆయన గడ్డం గీసుకునే బ్రష్షుకు ఒక పిడి చేసి ఇద్దామనుకున్నాను. ఎవరో పీకేసిన మల్బరీ తోటలోంచి ముక్క తెచ్చుకున్నాను. కొన్ని సాయంత్రాలు కూర్చుంటే పొట్ట, మెడ చక్కగా తేలాయి. అప్పుడు కనిపించింది, మెడ దగ్గర వెంట్రుకంత గీత.

వెంకటరవణప్ప ఏ కట్టెనైనా లేత్‌కు బిగించే ముందు చెవి దగ్గర పెట్టుకుని వేలితో తట్టేవాడు. గట్టి కట్టె ఖణేల్‌మంటుంది. చీలిక ఉన్నది మొద్దుగా పలుకుతుంది. అలా పలికితే పొయ్యిలోకే. నేనూ తట్టాను. మొద్దుగానే పలికింది. ఆయన చూడకముందే గీతలో జిగురు, రంపపు పొట్టు కలిపి కూరి, గరుకు కాగితంతో రుద్ది, పైన పాలిష్ పట్టించాను. ఎందుకు? మళ్లీ మొదలుపెట్టడానికి బద్ధకమా, చేసిన దాని మీద మోజా, ఆయన నవ్వుతాడన్న భయమా? ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. మూడూ ఉండొచ్చు.

బ్రష్షు వెంట్రుకల కుచ్చు దిగేందుకు పిడి తలలో గుంత తొలవాలి. అది నాకు చేతకాదు. మర్నాడు ఆయనకిచ్చాను.

"బలే వచ్చినాదే! నువ్వే చేసినావా, యాడన్నా కొనుక్కొచ్చినావా?"

"నేనే."

"తట్టి చూసినావా అప్పా?"

"చూసినా."

"బాగా పలికిందా?"

"పలికింది."

"మీ పేపరోళ్లు చూడకుండానే చూసినామని రాస్తారు కదప్పా, అందుకే అడుగుతాండా."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ ఒక్కసారి మాత్రం ఆయన తట్టలేదు. నా మాట నమ్మి బిగించాడు.

బెంగళూరు తీసుకెళ్లినా చూపు రాలేదు. ఎలా జరిగిందని అడిగినవాళ్లందరికీ ఆయన ఒకటే చెప్పాడు, తన చెయ్యే ఉలిని ఎక్కువ నొక్కిందని. నేను పక్కనే నిలబడి విన్నాను. రోజూ నలుగురినీ నిలదీసి నిజం రాబట్టడమే నా పని. అక్కడ మాత్రం నన్నెవరూ ఏమీ అడగలేదు. అడగనిదే చెప్పనక్కర్లేదని ఆ రోజు అనుకున్నానేమో.

తర్వాత ఆయన లేత్ ముట్టలేదు. ఒంటి కన్నుతోనైనా చేయొచ్చు కదా అని ఒకసారి అన్నాను. నాకెంత ధైర్యమో చూడండి. "ఇంగో కన్ను ఉండాదిలే అప్పా, చెయ్యే మాట వినకపోతే ఏం చేసేది?" అన్నాడు. కొన్నాళ్లకు షెడ్డు ఖాళీ చేశాడు.

చెప్తే కన్ను తిరిగొస్తుందా అని నాకు నేనే సర్దిచెప్పుకుంటూ వచ్చాను. రాదు, నిజమే. కానీ ఆయన పోగొట్టుకున్నది కన్ను ఒక్కటే కాదు, తన చేతి మీద నమ్మకం కూడా. దాన్ని తిరిగి ఇవ్వగలిగేది లోకంలో నేనొక్కడినే అని తెలిసి కూడా, ఎదురుపడినప్పుడల్లా ఆయన చూపున్న కన్ను వైపే చూస్తూ, వానల గురించో టమాటాల గురించో మాట్లాడి వచ్చేస్తున్న మనిషిని ఏమనాలి?

రాస్తుంటే గుండె కొంచెం తేలికైన మాట నిజం. దాచను. ఉద్యోగమంతా కన్నడ పత్రికలోనే చేశాను. ఇది మాత్రం మా నాయన ఇంట్లో నేర్పిన తెలుగు అక్షరాలతో రాస్తున్నాను. వెంకటరవణప్ప ఇంట్లో మాట్లాడేది తెలుగే. చదువుకున్నది కన్నడ బడిలో. తెలుగు చదవడం ఆయనకు రాదు.