లవంగమిచ్చి సాగనంపిన స్వామి

కరోనా తగ్గిన మరుసటి ఏడు, ఎండాకాలం. లక్షెట్టిపేట దగ్గర రోడ్డు పక్కన గోనెపట్టా పరుచుకుని పందుంపుల్లలు అమ్ముతున్నాను. మా ఆయన పోయినప్పటి నుంచి ఇదే బతుకుదెరువు. హనుమాన్ మాల వేసుకున్న స్వాములు బెల్లంపల్లి, ఆసిఫాబాద్ వైపు నుంచి కొండగట్టుకు నాలుగైదు రోజులు చెప్పుల్లేకుండా నడుస్తారు. చెంబు కూడా బరువనిపించే నడక అది. బ్రష్షూ పేస్టూ ఎవరు మోస్తారు? జానెడు పొడుగు వేపపుల్లలు అయిదు తడిగుడ్డలో చుట్టి, పసుపు కలిపిన ఉప్పు పొట్లం పెట్టి ఇస్తాను. రోజుకొకటి నమిలి పారేస్తే సంచి తేలికవుతూ పోతుంది. కొసను కుంచెలా నమలాలి, చిగుళ్లకు మెల్లగా రాయాలి. ఇంతే నా విద్య.

ఆ పొద్దు బెల్లంపల్లి స్వామి ఒకాయన వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. ఎడమ దవడ కింద మెడ దాకా వాచింది. నోరు సగమే తెరుచుకుంటోంది.

"మాతా, పుల్ల నమలస్తలేదు. జర మెత్తది ఇయ్యి."

వెంట ఉన్న స్వామి నవ్వాడు. "మెత్తది గావాల్నంటే అరటిపండుతోని తోముకో స్వామీ."

"దవాఖానకు పోలేదా స్వామీ?" అన్నాను.

"పోతే పన్ను పీకుతరు. నెత్తురు కారుతది, మాల తీయాల్సొస్తది. బిడ్డకు మాటలు రావాల్నని మొక్కిన మాతా. ఇంక రెండు రోజులే గదా."

ఆ వాపు మంచిది కాదని నాకు లోపల తెలుస్తూనే ఉంది. కానీ నేను మొగుడు పోయినదాన్ని. దారిన పోయే స్వామిని ఆపితే అపశకునం అంటారని నోరు మూసుకున్నాను. పైగా నన్ను మాతా అని పిలిచేవాళ్లు ఏడాదికి ఈ నాలుగు రోజులే వస్తారు. నాలుగు లవంగాలిచ్చి, ఒకటి పన్ను కింద పెట్టుకోమన్నాను. కాసేపటికి నొప్పి తగ్గిందని దండం పెట్టి నడిచిపోయాడు.

మూడోనాడు ఆ నవ్విన స్వామి ఒక్కడే వ్యాను దిగి నా దగ్గరికి వచ్చాడు.

"ఆయనేడి?"

"లేడు మాతా. ధర్మపురి దాటినంక గొంతు మూసుకపోయింది. అంబులెన్సు వచ్చేదాకా ఆగలే. నొప్పి లేదు, నొప్పి లేదు అనుకుంటనే నడిచిండు."

తర్వాత ఒక నర్సమ్మను అడిగాను. పంట్లో పుట్టిన చీము మెడలోకి దిగిందట, దాన్ని ఇన్ఫెక్షన్ అంటారట. లవంగం నొప్పిని మొద్దుబారుస్తుంది, చీమును ఆపదు అంది.

పదో రోజుకు, ఆ స్వామి చెప్పిన గుర్తులతో బెల్లంపల్లిలో వాళ్లింటికి పోయాను. ఆయన భార్య మాటలు రాని పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"నీ దగ్గర ఆగిండట గదా అవ్వా. ఏమన్న తిన్నడా?"

"లేదు బిడ్డా," అన్నాను. లవంగాల సంగతి చెప్పలేదు.

ఇప్పుడు ఎవరికైనా దవడ కింద వాపు కనబడితే పుల్ల ఇవ్వను, లవంగమూ ఇవ్వను. దవాఖానకు పొమ్మంటాను, ఆటోను నేనే ఆపుతాను. మొన్న ఒక స్వామిని అట్లా ఆపితే, ఆయన తమ్ముడు "పొద్దుగాల్నే ఎదురైంది ముండ" అన్నాడు. అననీ. అంటూనే అన్నను ఆటో ఎక్కించాడు.