వాపు వచ్చిన చేతులు

ఆ ఏడాది మా జట్టు ఎన్ని వేల చేతులకు సూది వేసిందో రిపోర్టులో ఉంది. ఆ రిపోర్టు రాసింది నేనే. జీపు టైరు ఎన్నిసార్లు పంక్చరైందో కూడా రాశాను గానీ గిడ్డమ్మ పేరు మాత్రం రాయలేదు. ఆమె లేకపోతే బద్వేలు చుట్టుపక్కల పల్లెల్లో ఒక్క ఆడమనిషి కూడా మా ముందు చెయ్యి చాపేది కాదు. రాయడానికి కాగితంలో చోటు లేదు మరి. చోటు లేదన్న మాట మా ఆఫీసులో మంచినీళ్లు తాగినంత తేలిగ్గా వాడేవాళ్లం. ఆ మాట వింటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి, 1955. నా పేరు కేశవులు, అప్పటికి ఇరవై మూడేళ్లు. క్షయ రాకుండా టీకాలు వేసే జట్టులో లెక్కలు రాసే ఉద్యోగం. మా పద్ధతి ఇలా ఉండేది. మొదటిరోజు ముంజేతి లోపలివైపు చిన్న సూది వేస్తాం. అది టీకా కాదు, పరీక్ష. మూడోరోజు మళ్లీ వచ్చి చూస్తాం. సూది వేసినచోట వాపు లేకపోతే ఆ మనిషికి క్షయ క్రిమి సోకలేదని లెక్క. భుజానికి టీకా వేస్తాం. వాపు ఉంటే క్రిమి అప్పటికే ఒంట్లో చేరిందని లెక్క. అలాంటివాళ్లకు టీకాతో పనిలేదు. స్కేలు పెట్టి వాపు కొలిచి, అంకె రాసుకుని, ఇంటికి పొమ్మంటాం. సోకిన ప్రతి మనిషికీ జబ్బు రాదు, నిజమే. కానీ దగ్గూ సాయంత్రపు జ్వరమూ ఉన్నవాళ్లకు ఛాతీ ఎక్స్‌రే ఫొటో తీసి చూడాలి. ఆ ఫొటో ఎవరు తీయించాలన్నది మా కాగితంలో ఎక్కడా లేదు.

బద్వేలు దగ్గర ఒక పల్లెలో మేం దిగినరోజు మగవాళ్లూ పిల్లలూ వచ్చారు. ఆడవాళ్లు తలుపులేసుకున్నారు. పరాయి మగవాడు చెయ్యి పట్టుకుని సూది గుచ్చడమేమిటని ఊరంతా ఒకటే గొణుగుడు. మా డాక్టరు చెట్టుకింద కూర్చుని వాచీ చూసుకోవడం మొదలుపెట్టాడు. అప్పుడు భుజాన తాడుకు గుచ్చిన గాజుల మలారం వేసుకుని, వక్కాకు నములుతూ, యాభై ఏళ్ల మనిషి ఒకామె వచ్చి నా ముందు నిలబడింది.

"ఏమప్పా, ఆడోళ్ల చేతులు గావాల్నా మీకు?" అంది. అందరూ నవ్వారు. నేను సిగ్గుతో చచ్చాను.

ఆమే గిడ్డమ్మ. ఆ చుట్టుపక్కల పది పన్నెండు ఊళ్ల ఆడవాళ్లకు గాజులు తొడిగేది ఆమే. సూది ఎందుకో, ఎవరికి మంచిదో నాచేత రెండుసార్లు చెప్పించుకుంది; వాపు వస్తే ఏమిటన్నది మాత్రం నేను చెప్పలేదు. తర్వాత ముందుగా తన చెయ్యి చాపింది. ఆ పైన ఇల్లిల్లూ తిరిగింది. "నేను పట్టుకోనుంటా, వాళ్లు సూది మాత్రమే ఏస్తారు" అని మాటిచ్చి ఒక్కొక్కరినీ తీసుకొచ్చింది. గాజు తొడగడానికి పట్టుకున్నట్టే ప్రతి చెయ్యీ ఆమె పట్టుకుంది. సాయంత్రానికి ఊళ్లో ఆడవాళ్లందరికీ సూది వేయడం అయిపోయింది. తర్వాత మేం వెళ్లిన ఊళ్లకు కూడా ఆమె మాకంటే ముందే చేరేది.

మూడోరోజు జరిగింది చెప్పడానికే నాకు కష్టం. మశూచి టీకా సంగతి అందరికీ తెలుసు. పొక్కు బాగా లేస్తే టీకా పట్టినట్టు, లేవకపోతే వృథా అయినట్టు. ఊళ్లోవాళ్లు ఈ సూదినీ అలాగే అనుకున్నారు. వాపు వచ్చినవాళ్లు మురిసిపోతూ చెయ్యి చూపించారు. రానివాళ్లు బిక్కమొహం వేశారు. ఒకామె రాత్రికి రాత్రి జీడిగింజ రసం పూసి బొబ్బ తెప్పించుకుని మరీ వచ్చింది. సుబ్బరత్నమ్మ అని పెద్దరైతు ఇంటి ఇల్లాలు, తన కోడలు ఓబులమ్మ చెయ్యి అందరికీ తిప్పి తిప్పి చూపించింది.

"చూడండే, మా కోడలికి ఎంత బాగా పట్టిందో!"

ఓబులమ్మకు పందొమ్మిదేళ్లు. తల వంచుకుని నవ్వుతూ నిలబడింది. వాపు ఇరవై రెండు మిల్లీమీటర్లు. నేనే రాశాను. గిడ్డమ్మ సంతోషం పట్టలేక మలారంలోంచి రెండు పచ్చగాజులు తీసి ఊరికే తొడిగింది. "అదృష్టవంతురాలివే పిల్లా" అంది.

నేను నోరు విప్పలేదు. జనాన్ని భయపెట్టవద్దని మాకు పైనుంచి చెప్పారు. భయపడితే పక్క ఊరివాళ్లు రారు, మా అంకె తగ్గుతుంది. పైగా అందరూ అంత నవ్వుతున్నప్పుడు నోరు విప్పడానికి దమ్ము కావాలి. నాకది లేకపోయింది.

ఉగాదికి గాజులు తొడగడానికి వెళ్లినప్పుడు ఓబులమ్మ చెయ్యి చిక్కిపోయిందని గిడ్డమ్మకు పట్టుకోగానే తెలిసింది. పాత కొలత గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. పిల్ల మాటిమాటికీ కొంగు అడ్డం పెట్టుకుని దగ్గుతోంది. గిడ్డమ్మ మరుసటిరోజే బద్వేలులో మా మకాం వెతుక్కుంటూ వచ్చింది.

"మందు అంత బాగా పట్టిన పిల్ల ఎందుకు చిక్కిపోతాంది కేశవులూ?"

ఇక దాచలేకపోయాను. వాపు అంటే ఏమిటో చెప్పాను. ఆమె నములుతున్న వక్కాకు ఉమ్మేసింది. నన్ను తిడుతుందనుకున్నాను.

"నేను అదృష్టమని చెప్పినానే ఆ పిల్లకి" అంది. అంతే. వెంటనే, "ఇప్పుడేం జెయ్యాల?" అంది.

పెద్దాసుపత్రిలో ఫొటో తీయించాలి, దానికి పరీక్ష చేసినవాళ్ల చీటీ ఉండాలి, ఆ చీటీ కడపలో మా ఆఫీసరు దగ్గర దొరుకుతుందేమో అని చెప్పాను. ఏమో అనడం గుమాస్తా భాష. చెప్పినట్టూ ఉంటుంది, చెప్పనట్టూ ఉంటుంది.

క్షయ అన్న మాట వింటే సుబ్బరత్నమ్మ కోడల్ని అప్పటికప్పుడు పుట్టింటికి తోలేస్తుందని గిడ్డమ్మకు తెలుసు. అందుకని దర్గాకు మొక్కు ఉందని చెప్పి, ఒక్కరోజుకు అడిగి, ఓబులమ్మను బస్సెక్కించుకుని కడప తీసుకొచ్చింది. ఆరోజు నేను ఆఫీసులోనే ఉన్నాను. మా ఆఫీసరు వెంకటరమణయ్య చెడ్డవాడు కాదు. కాగితాలంటే భయపడే మనిషి. గిడ్డమ్మ చెప్పిందంతా విని, తలాడించి, ఇలా అన్నాడు.

"మేం టీకాలవాళ్లమమ్మా. చీటీలు రాసే పని మాది కాదు. మాకు అట్లాంటి ఉత్తర్వు లేదు."

"మరెవురిదప్పా?"

"పైకి రాస్తాను. నెల తర్వాత కనుక్కో."

ఓబులమ్మ వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చుంది. నేను చెంబుతో నీళ్లిచ్చాను. "ఏమన్నారన్నా?" అని నన్నడిగింది. వచ్చే నెల రమ్మన్నారని చెప్పాను. సరే అన్నట్టు తలూపింది. నా మీద కోపమైనా తెచ్చుకోలేదు ఆ పిల్ల. సాయంత్రం బస్సుకు ఇద్దరూ వెళ్లిపోయారు. పైకి రాయాల్సిన ఉత్తరం రాయలేదు. రాయమని ఆయన నాకు చెప్పలేదు, నేను గుర్తు చేయలేదు.

శ్రావణమాసం ముందు గిడ్డమ్మ మళ్లీ వచ్చింది. గాజులవాళ్లకు అది ఊపిరాడని కాలం. అలాంటిది పల్లెలన్నీ వదిలేసి మలారంతో మా వరండాలో దిగింది. ఒక్కతే ఉంది. ఓబులమ్మ ఏదని అడిగాను.

"నెత్తురు కక్కుకునింది. పుట్టింటికి పంపినారు. ఆడనే పోయింది, పోయిన సోమవారం" అంది. "ముత్తైదువుగా పోయిందని, గాజులు తొడగను నన్నే పిలిచినారు. ఏ గాజూ నిలబడలేదప్పా. చిన్నపిల్లల గాజులు తొడిగినా."

నేను లోపలికి వెళ్లి బీరువా చాటున నిలబడి ఏడ్చాను. ఇరవై మూడేళ్ల మగవాడు ఏడవడమేమిటని మీరనుకున్నా సరే.

ఆమె మాత్రం ఏడవలేదు. ఆఫీసరును అడగనూ లేదు. మా ఆఫీసు వెనకనే ఉద్యోగుల ఇళ్లు. వరలక్ష్మీవ్రతం దగ్గర పడుతోంది కాబట్టి గాజులమ్మ వచ్చిందంటే ఆడవాళ్లు పరుగున వచ్చారు. గిడ్డమ్మ ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని, గాజు సగం ఎక్కించి, అప్పుడు మొదలుపెట్టేది. ఓబులమ్మ కథ. వాపు ఎంత వచ్చింది, అత్త ఎలా మురిసిపోయింది, దర్గా పేరు చెప్పి ఎలా తెచ్చింది, ఈ వరండాలోనే ఏమన్నారు. గాజు సగం ఎక్కిన చేత్తో లేచిపోవడానికి వీలుండదు. చివరిదాకా వినాల్సిందే. హెడ్‌గుమాస్తా భార్య విని కళ్లొత్తుకుంటూ వెళ్లింది. వారం తిరిగేసరికి అన్ని ఇళ్లలోనూ అన్నాల దగ్గర ఇదే మాట. మా ప్యూను కూడా ఇంట్లో అడిగించుకున్నాడట, మీరు ఏం ఉద్యోగం చేస్తున్నారయ్యా అని.

ఎనిమిదోరోజు ఆఫీసరు భార్య ప్రమీలమ్మ గిడ్డమ్మను పిలిపించుకుంది. నేను ఫైలు పట్టుకుని ఆ ఇంటికి వెళ్లేసరికి నట్టింట్లో గాజులు తొడగడం జరుగుతోంది. ప్రమీలమ్మ మెత్తని మనిషి. కథంతా విని గుండె మీద చెయ్యి వేసుకుంది.

"అయ్యో తల్లీ, మా పాపకూ వాపొచ్చింది. మావారు మర్నాడే చీటీ రాసి ఫొటో తీయించారు. ఏమీ లేదన్నారు, దేవుడి దయ. ఆ పిల్లకెందుకు రాయలేదో మరి!"

గిడ్డమ్మ చేతులు ఆగిపోయాయి. సరిగ్గా అప్పుడే వెంకటరమణయ్య భోజనానికి లోపలికొచ్చాడు. ఆమె లేవలేదు. గొంతు కూడా పెంచలేదు.

"నీ బిడ్డకు రాసిన చీటీ యాడిదప్పా?"

ఆయన భార్య వైపు చూశాడు, నావైపు చూశాడు. ఎవరమూ సాయం రాలేదు.

"అది వేరు..." అన్నాడు.

"వేరే. నీ బిడ్డ బతికుండాది. బతకాల, నూరేండ్లు బతకాల. రాసేకి ఎంత సేపు పట్టింది? అది చెప్పు చాలు."

ప్రమీలమ్మ తలెత్తి మొగుణ్ణి చూసింది. "చెప్పండి" అంది. "ఎంతసేపు పట్టింది?"

ఆయన అన్నం తినకుండా ఆఫీసుకు తిరిగొచ్చాడు. నన్ను కాగితం తీసుకోమన్నాడు. వాపు ఎక్కువగా ఉండి దగ్గూ జ్వరమూ ఉన్నవాళ్ల పేర్లు చెబితే, ఒక్కొక్కరికీ చీటీ ఇస్తానన్నాడు. నేను రిజిస్టరు తెరిచాను. అందులో అంకెలున్నాయి గానీ ఎవరు దగ్గుతున్నారో లేదు. గిడ్డమ్మకు చదువు రాదు. గోడకు ఆనుకుని కూర్చుని, కళ్లు మూసుకుని, ఊరివెంట ఊరు, చేతివెంట చెయ్యి చెప్పుకుంటూ పోయింది. విశ్వాసమ్మ, మాలపల్లె, ఎడమచెయ్యి మీద కాలిన మచ్చ, రాత్రిళ్లు దగ్గు. తిరుపతమ్మ, కడుపుతో ఉండాది, జ్వరమొస్తాది. అలా పదకొండు పేర్లు. పదకొండు చీటీలకూ కలిపి పట్టిన సమయం నేను చూశాను. అరగంట లోపే.

"అయిపోయాయా?" అన్నాడు ఆయన కలం మూత పెట్టబోతూ.

"ఇంకొకటుండాది. ఓబులమ్మ."

ఆయన చేతిలో కలం అలాగే ఉండిపోయింది. "పోయిన మనిషికి చీటీ ఎందుకమ్మా?" అన్నాడు, మెల్లగానే అన్నాడు.

"చీటీ గాదప్పా. మీ పుస్తకంలో రాయమంటాండా. వాపు కొలిచి రాసుకున్నారు గదా, తర్వాత ఏమైందో గూడా రాయాల. లేకుంటే మీ పుస్తకంలో ఆ పిల్ల ఇంగా నవ్వుకుంటా నిలబడే ఉంటాది."

"అందులో చోటు..." అని అలవాటు కొద్దీ నేనే అన్నాను. ఆమె నావైపు చూసింది. నేను రిజిస్టరు తిప్పి, ఓబులమ్మ వరసకు ఎదురుగా, అంచున ఖాళీ ఉన్నచోట కలం ఆనించాను.

"ఏమని రాయమంటావు గిడ్డమ్మవ్వా?"

ఆమె చెప్పింది, నేను రాశాను. ఆఫీసరు కింద సంతకం పెట్టాడు. రాసింది చదివి వినిపించమని గిడ్డమ్మ అడిగింది. నిలబడి, ఆఫీసంతా వినేటట్టు చదివాను.

"ఓబులమ్మ, పందొమ్మిది ఏండ్లు, వాపు ఇరవై రెండు. చూసినాము. చెప్పలేదు. పోయింది."