అక్క నమ్మిన నూరేళ్ళు

విరుదునగర్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, మిగిలిన వేళల్లో నక్షత్రాల పేలుళ్ళు లెక్కపెడతాను. ఎక్కడో కొండమీది టెలిస్కోపు తీసిన ఫోటోలు నా కంప్యూటర్‌కు వస్తాయి. దగ్గర్లోని గెలాక్సీలను మళ్ళీ మళ్ళీ ఫోటో తీస్తారు. పాత ఫోటోలో లేని చుక్క కొత్తదాంట్లో కనిపిస్తే ఒక నక్షత్రం పేలి ఉండొచ్చు. ఒక్కో గెలాక్సీలో ఎన్నేళ్ళకొకటి అలా పేలుతుందో తేల్చడం మా పని. నలుగురిలో గొప్పగా చెప్పుకోవడానికి బాగుంటుంది గానీ, ఇంట్లో దానివల్ల జరిగిన మేలేమీ లేదు.

మాది ఆ దగ్గర్లోని ఏళాయిరంపన్నై, ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే టపాసుల ఊరు. వానలు లేక నల్లరేగడి చేలు చేతులెత్తేశాక, అక్క టపాసుల యూనిట్‌లో, ఒక రేకుల షెడ్డులో మందు కలిపే పనికి కుదిరింది. మా ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. ఎటునుంచైనా పెద్ద శబ్దం వినబడితే ఆడవాళ్ళు పొయ్యి ఆర్పేసి గడపలో నిలబడతారు. పనికి పోయిన మనిషి కళ్ళబడేదాకా మళ్ళీ వెలిగించరు. ఉడికీ ఉడకని అన్నం మాకు కొత్త కాదు.

అక్కను ఎలాగైనా ఆ పని మాన్పించాలని నా ఆరాటం. కోవిల్‌పట్టిలో కుట్టుపని మాట్లాడిపెట్టి, ఆ సంగతి చెబుదామని ఇంటికి వెళ్ళాను. నేను నోరు విప్పేలోపే తను నా పని గురించి అడిగింది. దాని గురించి ఎవరైనా అడిగితే నాకు ఒళ్ళు తెలియదు.

"ఒక్క గెలాక్సీనే చూస్తా కూచుంటే నూరేళ్ళకి ఒకటో రెండో పేలతాయి అక్కా. అందుకే వేలకి వేలు చూసేది" అన్నాను.

అక్క ముఖం తేటపడింది.

"అట్లయితే ఒక్క సెడ్డులో ఉండేవాళ్ళకి బయం లేదు. సదివినోడివి, నువ్వే చెప్పితివి."

ఇక కుట్టుపని మాట చెవిన పెట్టలేదు. నక్షత్రాల లెక్క వేరని మొత్తుకున్నాను. అక్కడ మందు కలిపే చేతులుండవని, ఎండకు కాలే రేకుల కప్పులుండవని చెప్పాను. నవ్వేసింది. పైగా నా మాటను తనతో పనిచేసే ఆడవాళ్ళకు తమిళంలో పంచిపెట్టింది.

నిరుడు ఎండాకాలం నేను ఇంట్లో ఉండగా, మధ్యాహ్నం గోడలు అదిరాయి. అమ్మ పొయ్యి ఆర్పింది. ఇద్దరం గడపలో నిలబడ్డాం. పొగ అక్క యూనిట్ వైపునుంచే లేస్తోంది. అక్క ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్ళీ మళ్ళీ చేస్తూనే ఉన్నాను.

సాయంత్రానికి అక్క వచ్చింది, జుట్టంతా బూడిద. పేలింది పక్క యూనిట్. పోయినవాళ్ళు మాకు తెలిసినవాళ్ళే. అమ్మ తనను పట్టుకుని ఏడుస్తుంటే, అక్క నన్ను ఓదార్చింది.

"ఏడవాకురా తమ్ముడా. ఈ పక్క ఒకటి వచ్చిపాయె. ఇంక నూరేళ్ళకి రాదు గదా."

ఒకటి పేలిందని పక్కది ఆగదని చెప్పాల్సింది. జుట్టు కడుక్కోమని నీళ్ళు తోడిపెట్టాను. కొన్నాళ్ళు మూతపడ్డ తన యూనిట్ మళ్ళీ తెరిచిన రోజు అక్క అన్నం క్యారియర్ పట్టుకుని అందరికంటే ముందు వ్యాన్ ఎక్కింది. మొదట తను నా పని గురించి అడిగినప్పుడు నాకేమీ తెలియదని చెప్పి ఉంటే ఎంత బాగుండేది. ఇన్నేళ్ళలో అక్కకు ఎన్నో చెప్పాను. తను నమ్మింది ఆ ఒక్క మాటే.