మడమ వెనుక గడ్డలు

1991లో నన్ను నల్గొండ ప్రభుత్వ దవాఖానకు బదిలీ చేశారు. హోదా సివిల్ అసిస్టెంట్ సర్జన్. పేరులో సర్జన్ ఉన్నా కత్తి పట్టే పని నాది కాదు. జనరల్ మెడిసిన్ వార్డు చూసేవాణ్ణి. కుటుంబం హైదరాబాద్‌లోనే ఉండిపోయింది. డ్యూటీ దిగాక కిరాయి గదిలో స్టవ్ మీద అన్నం వండుకుని, పుస్తకం చూస్తూ తినేవాణ్ణి. ఒక కష్టమైన కేసు గురించి మాట్లాడుకోవడానికి ఆ ఊళ్లో నాకు తోడు లేదు.

ఆ వానాకాలంలో చౌటుప్పల్ దగ్గరి పల్లె నుంచి యాదగిరి అనే మగ్గం నేసే యువకుణ్ణి అతని చెల్లెలు పద్మ నడిపించుకొచ్చింది. అతను కాళ్లు ఎడంగా వేస్తూ తూలుతున్నాడు. మాట ముద్దగా వస్తోంది. రోజూ నేసే అంచు కూడా మరిచిపోతున్నాడట.

"తాగి తూలుతుండని అంటున్నరు సార్. మా అన్న కల్లు గూడ ముట్టడు. దోస్తులు మా ఇంటి దిక్కే వస్తలేరు," అంది పద్మ.

పరీక్షిస్తుంటే రెండు మడమల వెనుక గట్టి గడ్డలు చేతికి తగిలాయి. అలాంటివి రక్తంలో కొలెస్టరాల్ బాగా పెరిగినవారికి వస్తాయి. అతని రక్తంలో అది మామూలుగానే ఉంది. చిన్నప్పుడే కళ్లలో శుక్లాలు తీశారు; ఊహ తెలిసినప్పటి నుంచి విరేచనాలు. ఇవన్నీ కలిసి వచ్చే జబ్బు ఒకటి పుస్తకంలో దొరికింది. హైదరాబాద్‌లోని ప్రయోగశాల దాన్ని నిర్ధారించింది.

కొలెస్టరాల్‌ను పిత్తరసంలోని ఆమ్లాలుగా మార్చే ఎంజైముల్లో ఒకటి ఈ జబ్బు ఉన్నవారిలో పుట్టుకతోనే పనిచేయదు. దారి మూసుకుపోవడంతో కొలెస్టరాల్‌ను పోలిన మరో కొవ్వు తయారై, మడమల్లోనూ మెదడులోనూ పేరుకుంటుంది. మెదడు క్రమంగా దెబ్బతింటుంది. పిత్తాశయంలో రాళ్లు కరిగించడానికి వాడే ఒక మాత్ర ఆ లోటును తీరుస్తుంది.

ఈ సంగతి ఇద్దరికీ చెప్పాక, అన్నను వరండాలో కూర్చోబెట్టి పద్మ మళ్లీ లోపలికి వచ్చింది.

"నాకు గూడ చిన్నప్పుడే కండ్ల పొరలు తీసిన్రు సార్. నాకు గిట్లనే అయితదా?"

ఆమె మడమల వెనుక కూడా చిన్న గడ్డలు ఉన్నాయి. నడక మాత్రం తిన్నగానే ఉంది. రక్తం పంపించి, ఫలితం వచ్చాక జబ్బు ఉందని, మందు కూడా ఉందని చెప్పాను.

"నాకు గూడ ఉన్నదని అన్నకు చెప్పకుండ్రి సార్. తెలిస్తే బువ్వ ముట్టడు."

హైదరాబాద్ నుంచి ఇద్దరికీ మాత్రలు తెప్పించాను. యాదగిరికి విరేచనాలు తగ్గాయి. నడక తిరిగి రాలేదు. కొన్నేళ్లకు నిమోనియాతో చనిపోయాడు. నేను మహబూబ్‌నగర్‌కు మారాక కూడా పద్మ మందు కోసం బస్సులో వచ్చేది. ఒంటరిగా, తిన్నగా నడిచి వచ్చేది.

"ఆఖరి దాంక చెప్పలే సార్. నావి బలానికి గోలీలు అనుకున్నడు," అంది ఒకసారి.

పాడైన మెదడును మందు తిరిగి తేలేదు, పాడవకుండా ఆపగలదు. అందుకే ఆ తర్వాత వంశంలో వచ్చే జబ్బని అనుమానం కలిగితే, రోగిని పట్టుకొచ్చిన తోబుట్టువును కూడా అదే రోజు బల్ల మీద కూర్చోబెట్టి పరీక్షించేవాణ్ణి. వాళ్లు అడిగేదాకా ఆగలేదు.