వాళ్ల వారం, మా వారం

నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. మా అమ్మాయి చదివితే వింటాను. పప్పుమిల్లు దుమ్ముకి గొంతు బొంగురుపోయింది, అందుకని నేను చెబుతుంటే రాసేవాళ్లకి కాస్త తిప్పలే.

మాది తెనాలి. మా ఆయన పోయాక నాకు మిగిలిన దిక్కు మా అక్క. అక్కది రేపల్లె. ఇద్దరికీ చెరో ఆడపిల్ల, ఇద్దరూ హైస్కూలు చదువులు. మా ఇళ్లలోకి ఇంకా సెల్‌ఫోన్లు రాని రోజులు. ఒక వారపత్రికలో ఆ వయసు పిల్లల కోసం సీరియల్ వచ్చేది. హాస్టల్లో ఒక పిల్ల కనబడకుండా పోతుంది. ఆ పిల్లకి ఇద్దరు స్నేహితురాళ్లు. ఒక వారం కథ ఒకామె చెబుతుంది, మరుసటి వారం రెండో ఆమె చెబుతుంది.

రెండిళ్లవాళ్లూ కొనడం దండగని అక్కే ఏర్పాటు చేసింది. ఒక వారం మేం కొనాలి, ఒక వారం వాళ్లు కొనాలి. చదివాక మార్చుకోవాలి. అటూ ఇటూ మోసేది చేపలమ్మే ఆమె. నిజాంపట్నం చేపలు గంపకెత్తుకుని పొద్దున్నే రేపల్లె ప్యాసింజర్లో వచ్చి, మా వీధుల్లో అమ్ముకుని, మధ్యాహ్నం బండికి వెళ్లిపోయేది. ప్లాస్టిక్ కవర్లో చుట్టినా పత్రికకి నీచు వాసన పట్టేది.

మొదట్లో నాకు అంతా తికమకగా ఉండేది.

"ఈ పిల్ల పోయిన వారం బల్లిని చూసి ఏడ్చింది, ఈ వారం గోడ దూకుతోందేంటే?"

"ఈమె వేరమ్మా. ఇద్దరు కదా చెప్పేది."

"నాకెట్టా తెలుస్తుందే మరి?"

"సరే, పిరికిదానికి సన్నగా చదువుతా. గోడ దూకేదానికి నీ గొంతు పెడతా."

అన్నట్టే బొంగురుగా చదివేది. ఇద్దరం పడీపడీ నవ్వేవాళ్లం. పిరికిపిల్ల కథ మా వారం వచ్చేది, గోడ దూకే పిల్లది వాళ్ల వారం.

మా అమ్మ బాపట్లలో తమ్ముడి దగ్గర ఉండేది. ఆయాసం మనిషి. ఆ ఏడు "బాగాలేదు, రండి" అని ఎన్నిసార్లు కబురొచ్చిందో. తీరా వెళితే మంచం మీద కూర్చుని, కూలి పోగొట్టుకుని ఎందుకొచ్చారే అని మమ్మల్నే తిట్టేది.

ఒక ఆదివారం పొద్దున తమ్ముడు మా వీధి చివరి బూత్‌కి ఫోన్ చేశాడు. అమ్మ పోయింది. అక్క వాళ్ల వీధిలో ఫోనున్నది ఒక్క కొట్లోనే, ఆదివారం అది తీయరు. నేను చేపలమ్మిని వెతుక్కుంటూ పోయాను.

"మా అమ్మకి బాగాలేదు, వెంటనే బాపట్ల బయల్దేరమని మా అక్కకి చెప్పు."

ఆమె నా మొహం చూసింది. "అంతేనా అమ్మాయ్?"

"అంతే చెప్పు."

చావు కబురు మా దగ్గర ఉన్నదున్నట్టు పంపరు. విన్న మనిషి దారిలోనే కూలిపోతుందని, బాగాలేదనే అంటారు. విన్నవాళ్లే అర్థం చేసుకోవాలి.

నేను బాపట్ల చేరాను గానీ, ఆ సాయంత్రం బండికి అక్క రాలేదు. ఎండాకాలం, శవం ఆగదు. మర్నాడు పాస్టరు గారు ప్రార్థన చేసి, ఎండెక్కకముందే సమాధి చేయించారు. తిరిగొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే అక్క ఆటో దిగింది. చేతిలో స్టీలు క్యారేజీ. వాకిట్లో జనాన్ని చూసి నిలబడిపోయింది. నాకు ఒళ్లు మండింది. అమ్మ పోతే తీరిగ్గా వండుకుని వచ్చిందా? ఆ క్యారేజీ వంక చూశాను. నా చూపు అక్క చూసింది.

"నాకెందుకు చెప్పలేదే?"

"కబురు పంపాగా."

"ఏం కబురు పంపావు?"

అంతే. తమ్ముడిని తీసుకుని సమాధి దగ్గరికి వెళ్లింది. అటునుంచి అటే స్టేషన్‌కి.

తర్వాత వాళ్ల వారం వచ్చింది, పత్రిక రాలేదు. చేపలమ్మి ఉత్త చేతులు చూపించింది. మా వారం మేం కొన్నాం, మా అమ్మాయి చదివింది. తెల్లవారుజామున గోడ దూకే పిల్ల, కనబడకుండా పోయిన పిల్ల చున్నీని కుళాయి కింద ఉతుకుతోందట. పిరికిపిల్ల కిటికీలోంచి చూసింది.

"అదే ఏదో చేసిందమ్మా!"

"అదే చేసుంటుంది" అన్నాను నేను కూడా.

వాళ్ల వారం పత్రిక కూడా మేమే కొనుక్కోవచ్చు. కొట్లో వేలాడుతూనే ఉండేది. కొంటే ఇక అక్క పంపదని నేనే ఒప్పుకున్నట్టు. మా అమ్మాయి కొట్టు దగ్గర ఆగి నా మొహం చూసేది. "అది పెద్దమ్మ వాళ్ల వారంలే" అని నడిచేది. సగం కథతో అట్లాగే ఉండిపోయాం. సీరియల్ ఎప్పుడైపోయిందో కూడా మాకు సరిగ్గా తెలియలేదు.

ఏడాదికి బాపట్లలో అమ్మ జ్ఞాపకార్థ ప్రార్థన పెట్టారు. అక్క వచ్చింది, నాతో మాట్లాడలేదు. వంటకి ఉల్లిపాయలు ఒలవమని మా మరదలు ఇద్దరినీ వరండాలో కూర్చోబెట్టింది. పిల్లలిద్దరూ గోడవార చాప వేసుకుని, చెరో సంచిలోంచి పత్రికలు తీశారు. వరసగా పేర్చారు. ఒకటి మాది, ఒకటి వాళ్లది. ఏ వారమూ రెండుసార్లు లేదు. అంటే అక్క కూడా మా వారం కొనలేదు. అది చూసి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉల్లిపాయల ఘాటు మీదికి నెట్టేశాను.

పిల్లలు ఒకరి తర్వాత ఒకరు చదివారు. ఆ పిల్లకి బలవంతపు పెళ్లి తప్పించడానికి గోడ దూకిన పిల్లే దాచిపెట్టిందట. చున్నీకి అంటింది గోడ దూకినప్పుడు అంటుకున్న బురద. పిరికిపిల్ల వార్డెన్ గదిలోకి వెళ్లడం అక్క వాళ్ల భాగంలో ఉంది. చాడీలు చెప్పిందని రేపల్లెలో అందరూ దాన్నే తిట్టుకున్నారట. అది వెళ్లింది తన స్నేహితురాలి కోసం అబద్ధం చెప్పడానికని మా భాగంలో ఉంది.

అక్క ఉల్లిపాయల వంకే చూస్తూ మాట్లాడింది.

"ఆ క్యారేజీలో ఏముందో ఎప్పుడన్నా అడిగావటే?"

నేను తల అడ్డంగా ఊపాను.

"బొమ్మిడాయల పులుసు. అమ్మ కోరింది. నీ కబురు విని, ఎప్పట్లాగే ఆయాసం కదా, నాలుగు ముద్దలు తినిపిద్దామని సాయంత్రం బండి వదిలేశా. పోయిందని చెప్పుంటే ఉత్త చేతుల్తో పరిగెత్తుకొచ్చేదాన్ని కదే."

"మా ఆయన పోయినప్పుడు మిల్లు గేటు దగ్గర నాకు మొహమ్మీదే చెప్పారక్కా. అక్కడే పడిపోయా, ఎవరు లేపారో కూడా తెలీదు. నీకట్లా కాకూడదనుకున్నా."

ఆ సంగతి అక్కకి తెలియదు. ఒలిచినవి గిన్నెలో వేసింది.

"సరే. నీదీ తప్పు కాదు, నాదీ తప్పు కాదు. ఇప్పుడు అమ్మ మొహం చూపిస్తావా?"

నేను పొట్టు చేటలోకి ఎత్తుకుని లేచాను.

తిరుగు ప్రయాణం తెనాలి దాకా ఒకే బండి. పిల్లలు కిటికీ దగ్గర ఒకటే కబుర్లు. మేం ఎదురెదురుగా కూర్చున్నాం.

"ఇంటికొచ్చి ఒక ముద్ద తిని వెళ్లక్కా" అన్నాను తెనాలిలో దిగాక.

"బండికి టైమైంది" అని రేపల్లె బండి ఉన్న ప్లాట్‌ఫారం వైపు నడిచింది. కూతురు మాత్రం వెనక్కి తిరిగి "వస్తాం పిన్నీ" అని చెయ్యి ఊపింది.

కొత్త సీరియల్ మొదలైంది. మా వారం పత్రిక కొని, చదివాక కవర్లో చుట్టి చేపలమ్మికి ఇచ్చాను. మర్నాడు ఆమె గంప దించకముందే అడిగాను.

"ఇచ్చావా? ఏమంది?"

"తీసుకుందమ్మాయ్. ఏమీ అనలేదు. లోపలికెళ్లిపోయింది."

వాళ్ల వారం ఏమీ రాలేదు. కొట్లో పత్రిక వేలాడుతోంది. మేం కొనలేదు.