దేశనూరు ఎడమచేతి సిపాయి

నాకు పాత సైనికుల ఫోటోల పిచ్చి. పంతొమ్మిదో శతాబ్దంలో, ఫోటో అన్నదే కొత్తగా వచ్చిన రోజుల్లో అద్దాల మీద, ఇనుప రేకుల మీద తీయించుకున్నవి. పోస్టాఫీసులో రిటైరైనప్పటి నుంచీ పాతసామాను అంగళ్ళు గాలించి పదకొండు సంపాదించాను. పదకొండు మందీ తెల్లదొరలే. మన వైపు సిపాయి ఒక్కడూ లేని ఆల్బమ్ ఎవరికైనా చూపించాలంటే సిగ్గేసేది. అందుకే గుంతకల్లులో మా దర్జీ బసప్ప, "దేశనూరులో మా బంధువుల ఇంట్లో రేకు మీద సిపాయి ఉండాడు సార్" అనగానే మర్నాడే బయల్దేరాను.

పొద్దున ఆరున్నరకు ప్యాసింజరు, ఎనిమిదికల్లా బళ్ళారి. గాంధీనగర్‌లో ఒక చిన్న హోటల్లో బొరుగుల ఒగ్గాణి, మిరపకాయ బజ్జీ తిన్నాను. వెళ్ళేవాళ్ళు బజ్జీలు రెండు చెప్పుకోండి, ఒకటి చాలదు. బస్టాండులో బోర్డులు కన్నడంలో ఉన్నా భయం లేదు. తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబొస్తుంది, మధ్యలో నాలుగు కన్నడం మాటలు కలుపుకుని. తొమ్మిదింటికి సిరుగుప్ప బస్సెక్కాను. పక్క సీటు పెద్దావిడ తన ఉచిత టికెట్టునూ నా డెబ్బై రూపాయల టికెట్టునూ మార్చి మార్చి చూసి, "నువ్వూ ఆడదానిగా పుట్టుంటే బాగుండునప్పా" అని జాలిపడింది. కండక్టరుతో సహా అందరూ నవ్వారు.

సిరుగుప్పలో దిగి, ఆటో పట్టుకుని, కాలువ కింది వరి మళ్ళ మధ్య నుంచి పదకొండున్నరకు దేశనూరు చేరాను. బసప్ప బంధువు, కూలి పనులు చేసుకునే హనుమంతప్ప ఆ రోజు నా కోసం ఇంట్లోనే ఉన్నాడు. "బన్నీ, రాండి సార్, బసప్ప ఫోన్ చేసినాడు. ఈడ కూచోండి" అని చాప పరిచాడు.

సిపాయి దేవుడి గూట్లో ఉన్నాడు. అరచేతంత రేకు. తలపాగా, బిగుతు కోటు, ఎడమచేతిలో కత్తి, ఫోటో తీసేవాణ్ణి నమ్మని చూపు. నుదుటికీ, చేతికీ, నడుం పట్టీ బిళ్ళకూ గంధం, కుంకుమ అట్టలు కట్టి ఉన్నాయి. పన్నెండోవాడు దొరికాడు!

"రేకు తుప్పు పడతాంది సార్. మీ దగ్గరైతే బద్రంగా ఉంటాది" అన్నాడు హనుమంతప్ప. వాళ్ళమ్మ నాగమ్మవ్వ మాత్రం అడ్డం పడింది. "ఊరికే ఇయ్యనప్పా. ఆయప్ప గురించి మాకు తెలీనిది ఒక్కటి చెప్పు. ఆ మాట మాకు, రేకు నీకు."

ఇంతకన్నా సులువైన బేరం నా జన్మలో రాలేదు. అడక్కపోయినా చెప్పే మనిషిని, అడిగితే ఆగుతానా? భూతద్దం తీశాను. బిళ్ళ మీద గంధం పెచ్చులూడిన చోట ఒక అంకె, తిరగబడి కనిపించింది. రేకు ఫోటో అద్దంలో బొమ్మ లాంటిది, కుడి ఎడమవుతుంది. అంటే సిపాయి కత్తి పట్టింది కుడిచేత్తో. వాళ్ళకు తెలియనిది దొరికింది. అన్నం తిన్నాక దర్జాగా చెబుదామని ఊరుకున్నాను.

హనుమంతప్ప భార్య ఈరమ్మ వడ్డించింది, ఎడమచేత్తో. జొన్నరొట్టె ఎడమచేత్తో, గోంగూర పప్పు ఎడమచేత్తో. నేను ఉలిక్కిపడటం చూసి అవ్వ నవ్వింది.

"బయపడొద్దప్పా. మా సిపాయి తాతది ఎడమ చెయ్యి. మా ఇంట్లో అదే శుభం. పెద్దల అమాసకు ఆయనకు ఆకేసి వడ్డించేది మా ఈరమ్మే."

"పుట్టింట్లో ఈ చేతికి వాత పెట్టినారు సార్" అంది ఈరమ్మ, మచ్చ చూపిస్తూ, ఎవరి సంగతో చెబుతున్నట్టు. "ఎడమచెయ్యని మూడు సంబంధాలు పోయినాయి. వీళ్ళు ఎడమచెయ్యనే చేసుకొన్నారు."

నాదీ పుట్టుకతో ఎడమచెయ్యే. ఒకటో తరగతి పంతులు బెత్తంతో మాన్పించాడు. ఆ బెత్తం ఇంకా గుర్తుంది. ఈరమ్మ చేతి మచ్చ వైపు చూస్తూ, నోటిదాకా వచ్చిన మాటను రొట్టెముక్కతో పాటు మింగేశాను. నా జీవితంలో అంత కష్టపడి తిన్న భోజనం లేదు.

"ఊఁ, చెప్పప్పా" అంది అవ్వ, నేను చెయ్యి కడుక్కోగానే.

"కొత్తగా ఏమీ కనపడలేదవ్వా. అంతా మీకు తెలిసిందే."

"ఏంది, ఇంత దూరం వచ్చి ఇంతేనా? బలే చదువుకొన్నోడివి!" అని పకపకా నవ్వి, రేకును గూట్లో పెట్టేసింది. పోనీ అని ఫోన్‌లో ఒక ఫోటో మాత్రం తీసుకోనిచ్చింది. ఈరమ్మ నాలుగు ఓళిగలు, అదే బొబ్బట్లు, పొట్లం కట్టిచ్చింది. ఎడమచేత్తోనే.

రెండింటికి బస్సు, అయిదున్నరకు బళ్ళారిలో రైలు. కిటికీ పక్కన కూర్చుని ఫోన్‌లో సిపాయిని చూసుకున్నాను. ఒక్కసారి వేలు తగిలిస్తే బొమ్మ తిరుగుతుంది, కత్తి కుడిచేతికి వస్తుంది. వేలు అక్కడిదాకా వెళ్ళింది, వెనక్కి తీసుకున్నాను. ఆల్బమ్‌లో పన్నెండో పేజీ ఖాళీగానే ఉంటుంది. అయినా ఏ ప్రయాణం నుంచీ ఇంత సంతోషంగా తిరిగి రాలేదు.

ఆకలేసి పొట్లం విప్పాను. ఎదురుసీటాయన కాసేపు చూసి, ఉండబట్టలేక అడిగాడు. "ఏంది సార్, ఎడమచేత్తో తింటాండారు?"

"మా ఇంట్లో ఇంతేనప్పా" అన్నాను, రెండో ఓళిగ తుంచుతూ.