ఏకిన దూది

పరుపులాయన కొట్టు రెండు గదులు. ముందు గదిలో కుట్టుపని, వెనక గదిలో దూది ఏకే యంత్రం. ఆ యంత్రం దగ్గర పని ఆయన భార్య తమ్ముడిది. అతడు తక్కువ మాటల మనిషి. పని ముగించి బయటికి వచ్చేసరికి కనుబొమలతో సహా తెల్లబడి ఉండేవాడు కనుక పక్క కొట్టువాళ్ళు ‘తాతగారూ’ అని ఆటపట్టించేవారు.

పరుపు అణగిపోయిందనీ, దూది తక్కువ వేశారనీ ఎవరైనా దెబ్బలాటకు వస్తే పరుపులాయన నొచ్చుకునేవాడు కాదు. దూది ఎక్కడికీ పోలేదనీ, పోగుల మధ్య గాలి మాత్రమే పోయిందనీ, ఏకితే మళ్ళీ పొంగుతుందనీ ఓపికగా నచ్చజెప్పేవాడు. గాలికీ చోటు కావాలి కదా అనేవాడు.

అలాంటివాడే ఒకసారి తప్పులో కాలేశాడు. హాస్టలు వార్డెనమ్మ పాత పరుపుల దూది ఇరవై కిలోలు తూచి ఇచ్చి వెళ్ళింది. ఏకిన దూది గోడ వారగా కిటికీ ఎత్తున పేరుకుంది. ఆ రాత్రి నేల చెమ్మగా ఉందని బావమరిది గుడ్డ తానులు తెచ్చి ఆ కుప్ప మీద పెట్టి, పొద్దున్నే తీసేశాడు. ఈ సంగతి పరుపులాయనకు తెలియదు. వార్డెనమ్మ వచ్చేసరికి కుప్ప కిటికీకి జానెడు కింద ఉంది.

“మిగతా దూది ఏదిరా?” అన్నాడాయన, ఆమె ఎదుటే.

“అంతా అక్కడే ఉంది బావా. తూచి చూడు.”

“తూచేదేముంది? నా కళ్ళే తక్కెడ. ఎవరికి అమ్మావో చెప్పు.”

బావమరిది ఒంటిమీది పీచు దులుపుకుని బయటికి నడిచాడు.

ఈ గొడవంతా ఎందుకు, తూచండి అంది వార్డెనమ్మ. మూటలు కట్టి కాటా మీద పెడితే ఇరవైకి పావుకిలో తక్కువ వచ్చింది. యంత్రం కింద రాలిన దుమ్మూ తుక్కూ ఊడ్చి వేశాక అదీ సరిపోయింది. మూట కట్టేటప్పుడు కుప్ప మీద చూసిన గీతలు తానుల అంచులు దిగిన గుర్తులని ఆయనకు అప్పుడు తట్టింది. బరువు మీద పడి గాలి పోయింది, చోటు తగ్గింది. పదార్థం రవ్వంతైనా తరగలేదు. అందరికీ చెప్పే మాట తన కొట్టులో తనకే తోచలేదు. వార్డెనమ్మ చూపు తిప్పుకుంది. అది ఆయనకు చెంపపెట్టయింది.

ఇంటికి వెళ్ళేసరికి బావమరిది వంటింటి గడపలో కూర్చుని ఉన్నాడు. భార్య మొగుడి ముఖం చూడకుండా కంచం పెట్టింది. తూకం సరిపోయిందనీ, పొరపాటు తనదేననీ ఆయన నీళ్ళు నములుతూ చెప్పాడు.

“ఆ మాట తూచక ముందు అనుంటే బాగుండేది బావా. ఇప్పుడది కాటా చెప్పింది. నువ్వు చెప్పిందేముంది?” అన్నాడు బావమరిది.

ఆయన కంచం పక్కకు జరిపి లేచాడు.

మర్నాడు అతడు పనిలోకి వచ్చాడు. సాయంత్రం వెళ్ళేముందు, ఏకిన దూదంతా మూటగట్టి కాటా మీద పెట్టి, బరువు పైకి చదివాడు. అప్పటినుంచి రోజూ అంతే. వద్దురా అని ఎంత బతిమాలినా మానలేదు. “చూసుకో బావా,” అనేవాడు మర్యాదగా. ఆయన ముల్లు వైపు చూడలేక, తల వంచుకుని, సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు నటించేవాడు.